మిగులు సరుకు



ఈ మధ్య నేను రాసినవేమిటో, ఇప్పుడు రాస్తున్నవేమిటో చెప్పమని ఆకాశవాణి వారు అడిగారు. జాబితా చదివితే ఒక్క నిమిషంలో అయిపోతుంది. ఏటికొప్పాక లక్కబొమ్మల మీద ఒక ఆదివారం అనుబంధానికి వ్యాసం. పిల్లలకు ఒక బొమ్మల పుస్తకం. రిటైరైన స్టేషన్ మాస్టరు గారొకరి ఆత్మకథ. రాసింది నేను, పేరు ఆయనది. ఆ ఆత్మకథ పక్కనుంచి పుట్టుకొచ్చిన ఒక రేడియో నాటిక. హిందీ సీరియల్ ఒకదానికి తెలుగు డబ్బింగ్ మాటలు. పచ్చళ్ళ కంపెనీ ఒకటి సీసాల మీద వేసుకునే నాలుగేసి వాక్యాలు. వీటన్నిటి కిందా, బల్ల అడుగు సొరుగులో, ఒక నవల.

ఇది విన్న పెద్దలు కొందరు మెత్తగా మందలిస్తారు. రెండు పడవల మీద కాళ్ళు పెడితేనే మునుగుతారు, నువ్వు ఇన్ని పడవలెక్కావేమిటమ్మా అంటారు. కథ అయితే కథే రాసుకో, కవిత్వమైతే కవిత్వమే రాసుకో, ఒక చోట నిలబడు అంటారు. వాళ్ళ అభిమానాన్ని కాదనను. కానీ ఆ సలహా ఇచ్చేవారిలో ఎక్కువమందికి ఒకటో తారీఖున జీతమో పెన్షనో వస్తుంది. జీతం లేకుండా రాత మీదే బతికేవాళ్ళ లెక్క వేరు. ఒక రచన కోసం ఊళ్ళు తిరిగి, మనుషుల్ని కలిసి, పుస్తకాలు తిరగేసి పోగుచేసిన సరుకులో పావు వంతు కూడా ఆ రచనలో పట్టదు. మిగిలిన ముప్పావు ఏం చేస్తామన్న దాని మీదే మా ఇల్లు గడుస్తుంది. రకరకాల ప్రక్రియల్లో రాయడం నాకు సరదా కాదు. ఆ మిగులు సరుకును పారెయ్యలేకపోవడం.

ఏటికొప్పాక సంగతి చెబితే మీకే తెలుస్తుంది.

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో, యలమంచిలికి దగ్గర్లో, వరాహ నది ఒడ్డున ఉంది. 2022లో జిల్లాలు మారకముందు అది విశాఖపట్నం జిల్లా. అక్కడి బొమ్మకీ కొండపల్లి బొమ్మకీ తేడా తెలియకుండా మాట్లాడేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. కొండపల్లిది తెల్లపొణికి కర్ర. దాన్ని చెక్కి, ముక్కలు అతికి, పైన కుంచెతో రంగు వేస్తారు. ఏటికొప్పాకది అంకుడు కర్ర. దాన్ని తరిమెన మీద, ఇప్పటి మాటలో లేతు మిషను మీద, గిరగిరా తిప్పుతూ ఉలి ఆనించి ఆకారం తీస్తారు. ఒకప్పుడు ఒకరు తాడు లాగుతూ తిప్పుతుంటే మరొకరు ఉలి పట్టేవారు. ఇప్పుడు ఆ తాడు లాగే మనిషి పని కరెంటు మోటారు చేస్తోంది.

నన్ను ఆ తరిమెన ముందు కూర్చోబెట్టేసింది రంగు. లక్కలో రంగు కలిపి ముందే కడ్డీలుగా చేసి పెట్టుకుంటారు. కర్ర తిరుగుతూ ఉండగా ఆ కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడికి వేడి పుడుతుంది, ఆ వేడికి లక్క కరిగి కర్రకు చుట్టుకుంటుంది. రంగు పట్టే చోట కుంచె లేదు, పొయ్యి లేదు. తర్వాత మొగలి ఆకు మడిచి అదిమితే, అప్పటిదాకా మసక మసకగా ఉన్నది కాస్తా అద్దంలా అయిపోతుంది. నేను కడ్డీ పట్టుకుని చూస్తానంటే ఆ పనివాడు నవ్వి ఇచ్చాడు. నా పట్టు చూసి, "నొక్కేత్తన్నావమ్మా. నొక్కితే గీత పడతాది, ఆనించితే రంగు పడతాది" అన్నాడు. ఆ మాట వ్యాసంలో పెట్టాను. సంపాదకులు ఉంచారు కూడా.

పసుపు రంగుకు పసుపే, నీలానికి నీలిమందు, నారింజకు జాఫ్రా గింజలు. మధ్యలో కొన్నేళ్ళు రసాయన రంగుల జోరు నడిచింది. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు అవి పనికిరావు కదా. మళ్ళీ చెట్టు రంగుల దారి పట్టించినవారిలో ఆ ఊరి చింతలపాటి వెంకటపతి రాజు గారి కృషి పెద్దది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్రం నడిపిన శకటం ఏటికొప్పాక బొమ్మలదే.

పత్రికకు కావలసింది నిజానికి ఆ ఆఖరి వాక్యం. ఏ వ్యాసం ఇచ్చినా పత్రికలో అడిగే మొదటి ప్రశ్న, ఇది ఇప్పుడెందుకు అని. శకటం ఉంది కాబట్టి ఇప్పుడు. ఇచ్చిన చోటు వెయ్యి మాటలు, రెండు ఫోటోలు. చరిత్ర, కర్ర, రంగు, గుర్తింపు, శకటం, మార్కెట్టు చెప్పేసరికి ఆ వెయ్యీ అయిపోయాయి. ఆ పనిశాలలో నేను చూసిన ఇంకో సంగతికి చోటు లేకపోయింది. వార్త కాదు కాబట్టి అడగడానికి కూడా మొహమాటపడ్డాను.

అదేమిటంటే, అక్కడ అన్నీ గుండ్రమే. బొంగరం, కుంకుమ భరిణె, లక్కపిడత, గాజు, పూస, గిలక్కాయ, అన్నీ. తిరుగుతూ పుట్టినదేదైనా గుండ్రంగానే పుడుతుంది మరి. ఏనుగు కావాలన్నా గుండ్రటి ముక్కల్నే ఒకదానికొకటి తగిలించి నిలబెట్టాలి. పెద్దవాళ్ళకు ఇది ఒక చిన్న విశేషం. ఐదేళ్ళ పిల్లకు ఇది ప్రపంచం. ఆ ఊళ్ళో ఒక పిల్ల తాతను చదరపు పెట్టె చేసిపెట్టమని అడిగితే ఏమవుతుంది? బొమ్మల పుస్తకం అక్కడ మొదలైంది. ఏమవుతుందో ఇక్కడ చెప్పను, పుస్తకం కొనుక్కోండి.

పిల్లల పుస్తకం రాయడం సులువనుకునేవాళ్ళు ఒక్కసారి రాసి చూడాలి. మా పుస్తకం ఇరవై నాలుగు పేజీలు. ఇరవై నాలుగే ఎందుకంటే అచ్చాఫీసులో కాగితం మడతపడేది ఎనిమిది, పదహారు లెక్కన. ఇరవై ఒక్క పేజీల కథ రాసి తీసుకెళ్తే మిగతా మూడు పేజీలు తెల్లకాగితాలే. అందులో పేరు పేజీ, హక్కుల పేజీ వగైరా పోగా కథకు మిగిలేది పది జతల పేజీలు. జతకు రెండు మూడు వాక్యాలు. పేజీ తిప్పే చోట పిల్లకు తిప్పాలనిపించాలి. అన్నిటికన్నా కష్టం ఇంకొకటి ఉంది. బొమ్మలో ఉన్నది మాటలో ఉండకూడదు. "తాత ఎర్రటి తలపాగా చుట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు" అని రాశాను. చిత్రకారిణి తలపాగా వేసింది, అరుగు వేసింది, తాతను కూర్చోబెట్టింది. ఇక ఆ వాక్యం ఎందుకు? తీసేశాం. చివరికి కథలో సగం ఆమె కుంచెదే. అందుకే అట్ట మీద ఇద్దరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉన్నాయి. పారితోషికం కూడా సగం సగం.

పేరు గురించి మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 1947 జూలైలో మొదలైన చందమామను 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా నడిపింది కొడవటిగంటి కుటుంబరావు గారు. ఆ కథల తెలుగు ఆయన చెయ్యి పడి అంత తేటగా ఉండేది. ఆ సంగతి అప్పట్లో చదివిన పిల్లలకు తెలియదు, వాళ్ళకు కొనిపెట్టిన పెద్దల్లో చాలామందికీ తెలియదు. రాకాసిలోయ లాంటి సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరూ వాటి మీద ఉండేది కాదు. అదే కుటుంబరావు గారు మరోపక్క నవలలు రాశారు, కథలు రాశారు, సినిమా మీద, సంగీతం మీద, సైన్సు మీద, చరిత్ర మీద వ్యాసాలు రాశారు. వాటిని పుస్తకాలుగా వేసినప్పుడు సంపుటాలకు సంపుటాలే అయ్యాయి. ఒక చోట నిలబడమని ఆయనకు ఎవరైనా చెప్పారో లేదో గానీ, ఆయన విన్న దాఖలా మాత్రం లేదు.

నా మటుకు నేను, పేరు కన్నా ముందు అడిగేది హక్కు. ఇది కొంచెం పొడిగా ఉండే సంగతే, అయినా కొత్తగా రాస్తున్నవాళ్ళు వింటుంటే వాళ్ళకు పనికొస్తుందని చెబుతున్నాను. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని ప్రకారం ఉద్యోగంలో లేకుండా స్వతంత్రంగా రాసిన రచనకు మొదటి హక్కుదారు రచయితే. మనం సంతకం చేసిన కాగితం లేకుండా ఆ హక్కు ఇంకొకరికి పోదు. రాసిచ్చిన కాగితంలో గడువు చెప్పకపోతే ఐదేళ్ళనే లెక్క. ఏ ప్రాంతానికో చెప్పకపోతే ఇండియాకు మాత్రమే. హక్కు రాయించుకుని ఏడాదిలోగా వాడుకోకపోతే, కాగితంలో వేరే షరతు లేనప్పుడు, అది మళ్ళీ మనదే. ఇంత మంచి చట్టం ఉండగా మనమేం చేస్తాం? చెక్కు వస్తుందన్న ఆత్రంలో, సర్వహక్కులూ, సమస్త రూపాల్లోనూ, శాశ్వతంగా అన్న వాక్యం కింద కళ్ళు మూసుకుని సంతకం పెడతాం. ఆ ఒక్క వాక్యంతో మన మిగులు సరుకంతా వాళ్ళ గోడౌనుకు చేరిపోతుంది. ఏటికొప్పాక వ్యాసానికి పత్రిక పంపిన కాగితంలో ఆ వాక్యం ఉంది. నేను ఫోన్ చేసి, ఒక్కసారి అచ్చు వేసుకునే హక్కు చాలు కదండీ అన్నాను. అవతలివారు ఆశ్చర్యంగా, దానికేం, కొట్టేసి పంపండి అన్నారు. అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేరు.

ఇక స్టేషన్ మాస్టరు గారు.

ఇప్పుడు మన ఊళ్ళల్లో ఇదొక పనిగా తయారైంది. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు. నాన్న చెప్పే కబుర్లు ఆయనతోనే పోకూడదనుకుంటారు. రాసిపెట్టే మనిషిని వెతుకుతారు. వంద కాపీలు వేయించి డెబ్భయ్యో ఎనభయ్యో పుట్టినరోజుకు బంధువులకు పంచుతారు. ఇవి పుస్తకాల షాపుల్లోకి రావు, సమీక్షలు రావు. కానీ మన కాలపు సామాన్యుల చరిత్ర, ఎవరికీ తెలియకుండా, పెళ్ళి కార్డులు వేసే ప్రెస్సుల్లో అచ్చవుతోందని నా నమ్మకం.

ఆయన ఉద్యోగ జీవితంలో పెద్ద భాగం కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే లైను మీద గడిచింది. బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో అనంతగిరి కొండల్ని తొలిచి వేసిన దారి అది. అరకు వెళ్ళినవాళ్ళందరూ సొరంగాలు లెక్కపెట్టే ఉంటారు. సగంలో లెక్క తప్పే ఉంటారు. మొత్తం యాభై ఎనిమిది. రైలు బొర్రా దాటి ఎక్కుతుంటే మనం కిటికీలోంచి లోయ చూస్తాం. ఆయన చెప్పేది ఆ లోయలోని రాత్రిళ్ళ సంగతి. వానకు కొండ జారి పట్టాల మీద పడితే ఎలా ఉంటుంది, దొరికిన కూరగాయలతో వారమంతా ఎలా నెట్టుకురావాలి, పిల్లలకు జ్వరమొస్తే గూడ్సు బండి గార్డు పెట్టెలో ఎక్కించి కిందికి ఎలా పంపేవారు, ఇవీ ఆయన కబుర్లు. ముందు ఫోన్లో రికార్డు చేసుకున్నాను. ఇంటికొచ్చి విని రాసుకున్నాను. రాసింది చదివి వినిపిస్తే ఆయన ఒప్పుకోలేదు. "అమ్మాయ్, ఇది బాగుంది కానీ నేను మాట్లాడినట్టు లేదు. నేను ఇంత మంచివాణ్ణి కాను" అన్నారు. మళ్ళీ రాశాను. ఇంకొకరి పేరుతో రాయడంలో మెలకువంతా ఆ వాక్యంలో ఉంది. మన భాష ఎంత బాగుంటే వాళ్ళ పుస్తకం అంత చెడుతుంది.

ఆయన ఉద్యోగంలో చేరిన రోజుల్లో సింగిల్ లైను మీద టోకెన్ పద్ధతి ఎక్కడ చూసినా ఉండేది. రెండు స్టేషన్ల మధ్య ఒకే పట్టా. దాని మీదికి ఒక బండి వెళ్ళాలంటే డ్రైవరు చేతిలో ఒక టోకెన్ ఉండాలి. టోకెన్ ఉన్నది అతని దగ్గరైతే ఎదురు బండి బయల్దేరదు. ఆ టోకెన్ ఇచ్చే మిషన్లు రెండు స్టేషన్లలోనూ ఉంటాయి. ఒక మాస్టరు గంట కొట్టి అడగాలి, అవతలి మాస్టరు ఒప్పుకోవాలి, అప్పుడే ఇక్కడి మిషన్ లోంచి టోకెన్ బయటికి వస్తుంది. ఆగని బండి అయితే ఆ టోకెన్ను తోలు సంచిలో వేసి, బెత్తంతో చేసిన పెద్ద కడియానికి కట్టి, ప్లాట్‌ఫారం అంచున దీపం పట్టుకుని నిలబడతారు. ఇంజన్లోంచి వంగిన మనిషి పాత కడియం కింద పడేసి, కొత్తదాన్ని మోచేతికి తగిలించుకుని పోతాడు. ఇదంతా కళ్ళ ముందు చేసి చూపించారు, ముక్కాలిపీట మీద నిలబడి, మనవరాలి హులాహూప్ చేత్తో పట్టుకుని. పడిపోతారేమోనని వాళ్ళ ఆవిడ గుమ్మంలోంచి కేకలు.

ఇది పుస్తకంలో రెండు పేజీలు ఉంది. పుస్తకంలో లేనిది ఇంకొకటి ఉంది. పక్కపక్క స్టేషన్ల మాస్టర్లు ఏళ్ళ తరబడి రోజుకు ఎన్నోసార్లు ఫోన్లో మాట్లాడుకుంటారు. ఒకరి దగ్గు ఒకరికి తెలుసు. అవతల మనిషి ఇవాళ ఇంట్లో పోట్లాడి వచ్చాడని గంట కొట్టిన తీరులో పోల్చుకోగలరు. ముఖాలు మాత్రం చూసుకోకుండానే బదిలీ అయిపోయినవాళ్ళున్నారు. ఈ మాట ఆయన కాఫీ తాగుతూ, రికార్డు ఆపేశాక, మామూలుగా అన్నారు. నాకు అక్కడే నాటిక కనబడింది. కనబడింది అనకూడదేమో, వినబడింది. రెండే గొంతులు, ఒక గంట, ఒక ఫోను. మూడో పాత్ర రైలు. రంగస్థలం మీద వేస్తే ఇద్దరు మనుషులు రెండు బల్లల దగ్గర కూర్చుని ఉంటారు, పది నిమిషాలకు జనం ఆవలిస్తారు. రేడియోలో వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఎంత కనబడరో మనకూ అంతే కనబడరు. ఆ కథకు తగిన ఇల్లు రేడియోనే.

అయితే ఆయన చెప్పినవన్నీ నా సరుకు అనుకోవడానికి లేదు. బావమరిదితో ఆస్తి తగాదా ఒకటి చెప్పారు, చెప్పి, ఇది వద్దమ్మా అని తీసేయమన్నారు. కథకు పనికొచ్చే సరుకే. రాసేవాళ్ళెవరికైనా చెయ్యి దురద పెడుతుంది. ముట్టుకోలేదు, ముట్టుకోను కూడా. ఊళ్ళో బహిరంగంగా చూసిన బొమ్మ వేరు, ఒక మనిషి నమ్మి చెప్పుకున్న కష్టం వేరు. నాటికకు కూడా ఆయన్ని అడిగాకే కాగితం ముందు కూర్చున్నాను. "నా పేరు పెట్టకు, ఆ గంట శబ్దం మాత్రం సరిగ్గా వినిపించు" అన్నారు. గంట ఎన్నిసార్లు కొడితే ఏమిటన్నది నాటిక చేసిన మేమంతా ఆయన దగ్గరే నేర్చుకున్నాం.

చెవి కోసం రాయడం ఒక ప్రత్యేకమైన విద్య. మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్‌లో మొదలైనప్పుడు తెలుగులో తొలి ప్రసంగం చేసింది గిడుగు రామమూర్తి పంతులు గారు. విషయం, సజీవమైన తెలుగు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన డెబ్భై నాలుగేళ్ళ మనిషిని ఆ మైకు ముందు కూర్చోబెట్టాలన్న ఆలోచన ఎవరిదో గానీ వాళ్ళకు దణ్ణం పెట్టాలి. గ్రాంథికంలో రాసిన కాగితం కంటితో చదివితే అర్థం కావచ్చు. వింటే మాత్రం ఒక వాక్యం చివరికి వచ్చేసరికి దాని మొదలు మరిచిపోతాం. వినేవాళ్ళు వెనక్కి పేజీ తిప్పలేరు. నాటికలో నేను "అతడు" అని రాసిన ప్రతిచోటా నిర్మాత గారు, ఎవరు, ఎవరు అని అడిగి పేరు పెట్టించారు. విసుగనిపించింది గానీ, ఆ అలవాటు నా వ్యాసాలకు కూడా అంటుకుని మేలే చేసింది.

డబ్బింగ్ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దాని గురించి గొప్పగా చెప్పుకునేదేమీ లేదు, డబ్బులు తప్ప. తెర మీద మనిషి పెదాలు కలిపితే మన మాటలో అక్కడ ప, బ, మ అక్షరాల్లో ఏదో ఒకటి పడాలి. నోరు తెరిచి ఆపితే మన మాట కూడా నోరు తెరిచే ఆగాలి. అర్థం ఆ తర్వాత. అత్తగారు రెండు నిమిషాలు తిట్టే సీను ఒక రాత్రంతా తింటుంది. ఈ పనిని చిన్నచూపు చూసేవాళ్ళకు ఒక సంగతి గుర్తుచేస్తాను. 1950లో వచ్చిన ఆహుతి తెలుగులో తొలి డబ్బింగ్ సినిమా, హిందీ నీరా ఔర్ నందాకు తెలుగు. దానికి మాటలు, పాటలు రాసింది శ్రీశ్రీ. మహాప్రస్థానం పుస్తకంగా వచ్చింది కూడా 1950లోనే. ఇంకెవరి పెదాలకో మాటలు కుదర్చడం వల్ల ఆయన కవిత్వం ఏమీ చిన్నబోలేదు.

ఆ దారిలో ఇంకా పెద్ద లెక్క ఆరుద్రది. 1925లో విశాఖపట్నంలో పుట్టారు. 1943 నుంచి 1947 దాకా వైమానిక దళంలో పనిచేశారు. తర్వాత మద్రాసు చేరి పత్రికలో పనిచేశారు. 1949లో త్వమేవాహం కావ్యం. ఇక అక్కణ్ణుంచి సినిమా పాటలు, కూనలమ్మ పదాలు, డిటెక్టివ్ కథలు, నాటకాలు, చదరంగం మీద రాతలు. ఇవన్నీ జరుగుతుండగానే 1965 నుంచి సమగ్ర ఆంధ్ర సాహిత్యం సంపుటాలు ఒకదాని వెంట ఒకటి రావడం మొదలైంది. మొత్తం తెలుగు సాహిత్య చరిత్రను ఒక్క మనిషి కూర్చుని రాసిన పని అది. విశ్వవిద్యాలయం కుర్చీ లేదు, సహాయకుల బృందం లేదు, నెలనెలా గ్రాంటు లేదు. ఆ రోజుల్లోనే సాక్షికి, ఆ తర్వాత అందాల రాముడుకు, ముత్యాల ముగ్గుకు పాటలు రాశారు. పాట పాటకూ వచ్చిన డబ్బు కొంత ఇంటిఖర్చుకూ కొంత పుస్తకాలకూ పోయి ఉంటుందని ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. పండితులు కొందరికి ఆయన సినిమా మనిషి, సినిమా వాళ్ళలో కొందరికి పండితుడు. ఆ రెండు మాటలూ నాకు మెచ్చుకోలుగానే వినిపిస్తాయి. 1987లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది గురజాడ గురుపీఠం అన్న వ్యాసాల పుస్తకానికి.

ముళ్ళపూడి వెంకటరమణ గారిదీ ఇలాంటి కథే. ఆంధ్రపత్రికలో బుడుగుతో తెలుగువాళ్ళను నవ్వించిన చెయ్యే, 1962లో రక్తసంబంధం సినిమాతో హాలు హాలంతా కళ్ళు తుడుచుకునేలా మాటలు రాసింది. నవ్వించడంలో నేర్చుకున్న క్లుప్తత ఏడిపించడంలో పనికొచ్చిందని నాకనిపిస్తుంది. హాస్యం రాసేవాడికి ఒక్క మాట ఎక్కువైతే నవ్వు చస్తుంది. కన్నీళ్ళకూ అంతే.

వీళ్ళ పేర్లు చెప్పి వాళ్ళ పక్కన నేను కుర్చీ వేసుకోవడం లేదు లెండి. వాళ్ళ రోజుల్లో లేని తిప్పలు కొన్ని మావి. బిల్లు పంపితే పది శాతం పన్ను ముందే కోసి మిగతాది వేస్తారు. అది న్యాయమే, రిటర్న్ వేసి సర్దుకోవచ్చు. ఆ మిగతాది ఎప్పుడు వేస్తారన్నదే చెప్పలేం. ఒక సంస్థ వారు నా రాత అందిన గంటలో అద్భుతం అని మెసేజ్ పెట్టారు, డబ్బుకు మాత్రం రెండు పండగలు దాటాయి. అందుకే ఇప్పుడు పని మొదలుపెట్టకముందే మూడో వంతు తీసుకుంటున్నాను. పచ్చళ్ళ కంపెనీ ఆయన మాత్రం అడగకముందే ఇచ్చాడు, పైగా ఒక గోంగూర సీసా కూడా. సీసా మీద వేసుకునే నాలుగు వాక్యాల్లో "అమ్మమ్మ" అన్న మాట రాకుండా రాయడం ఈ ఏడాది నేను చేసిన సాహసాల్లో ఒకటి.

ఇక ఆ సొరుగులోని నవల. దాంట్లో ఒక ఊరుంది, నది ఒడ్డున. ఒక చిన్న స్టేషనుంది, ఎక్స్‌ప్రెస్‌లు ఆగవు. ఊరు ఏటికొప్పాక కాదు, స్టేషను మాస్టరు గారిది కాదు. కానీ ఆ లక్కపొడి, ఆ కొండ మీది చలి లేకపోతే అవి నాకు దొరికేవి కావు. వ్యాసంలో పట్టనివి, పిల్లల పుస్తకంలో ఇమడనివి, నాటికలో వినబడనివి, ఎవరినీ నొప్పించకుండా వాడుకోదగినవి ఏమన్నా ఉంటే అక్కడికి చేరుతున్నాయి. ఎప్పుడు వస్తుందని అడగొద్దు. డబ్బింగ్ బిల్లు చేతికొచ్చిన నెలలో పదిహేను రోజులు దాని మీద కూర్చుంటాను. రాని నెలలో సొరుగు తాళం తియ్యను.

ఈ వారం మాత్రం సీరియల్ వాళ్ళకు నాలుగు ఎపిసోడ్లు ఇవ్వాలి. అత్తగారు ఇంకా తిడుతూనే ఉంది. పిల్లల పుస్తకం ఆడియోగా తెస్తామని ఒకరు అడిగారు. ప్రచురణకర్తతో రాసుకున్న కాగితంలో ధ్వని రూపం హక్కు నా దగ్గరే, చిత్రకారిణి దగ్గరే ఉంచుకున్నాం కాబట్టి ఆ మాట మేమే మాట్లాడుకోవచ్చు. బొమ్మలు తీసేస్తే కథలో సగం పోతుంది కనుక తాత తలపాగా, అరుగు మళ్ళీ మాటల్లోకి తేవాలి. రేపు పొద్దున్న ఆ పని మొదలుపెడతాను.